కోసేసిన వన్స్‌మోర్లు

రికార్డింగులోంచి అక్కర్లేని శబ్దం తీసెయ్యమని వచ్చేవాళ్లలో చాలామందికి ఏ శబ్దం అక్కర్లేదో తెలియదు. ఏది అక్కరో అసలే తెలియదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి ఉదాహరణ.

నేను నరసరావుపేటలో ఒక మైకు సెట్ల షాపు మేడమీద ఈ పని చేశాను. 1984లో చేరాను. మా యజమాని ఖాదర్ బాషా గారు అందరితోనూ 1985 అని చెప్పేవారు. మొదటి ఏడాది పనంతా తనదేనని చెప్పుకోవడానికి అది వీలుగా ఉండేది. తేదీల విషయంలో నేను ఎవరినీ వదిలిపెట్టను కాబట్టి ముందే సరిచేస్తున్నాను.

కింద షాపు. పెళ్లిళ్లకు, సభలకు, తిరునాళ్లకు మైకులు, యాంప్లిఫయర్లు, హారన్లు అద్దెకిచ్చేవారు. పైన ఒక గది. అందులో రెండు క్యాసెట్ డెక్కులు, ఒక ఈక్వలైజరు, గోడలకు గోనెసంచులు, వాటి మీద కోడిగుడ్ల అట్టలు. బాషా గారు దాన్ని స్టూడియో అనేవారు. పాలిటెక్నిక్ చదివి వచ్చిన నేను గది అనేదాన్ని. జీతం పెంచిన నెల నుంచి నేనూ స్టూడియో అన్నాను.

మీకు ఇప్పుడు శబ్దం కంప్యూటర్ తెర మీద బొమ్మలాగా కనిపిస్తుంది. కుక్క అరుపు ఒక మచ్చ. ఫ్యాను రొద ఒక గీత. మచ్చను చెరిపేస్తారు, గీతను లాగేస్తారు, తప్పు చేస్తే ఒక్క మీట నొక్కి వెనక్కి వస్తారు. మాకు బొమ్మ లేదు. చెవులే. వెనక్కి వచ్చే మీట కూడా లేదు. ఆ మీట లేకపోవడం వల్ల ఒక పెద్దమనిషికి దాదాపు జరిగిపోయిన అన్యాయం గురించి తర్వాత చెబుతాను. ముందు సామాను చూపించాలి.

పది మీటలు

ఈక్వలైజరులో పైకీ కిందికీ జరిపే మీటలు పది ఉండేవి. ఎడమ చివరిది ముప్ఫై ఒక్క హెర్ట్జులు, కుడి చివరిది పదహారు వేలు. ఎడమ వైపు గుయ్యిమనే శబ్దాలు, కుడి వైపు బుస్సుమనే శబ్దాలు, మధ్యలో మనుషులు. ఇంతకంటే క్లుప్తంగా ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేరు. పుస్తకంలో దీన్ని పౌనఃపున్యం అన్నారు. ఆ మాట తడుముకోకుండా పలికిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

కరెంటు రొద యాభై దగ్గర ఉంటుంది, దాని పిల్ల వంద దగ్గర. ఎడమ వైపు మొదటి మూడు మీటలు దించితే ఆ రొద తగ్గుతుంది. దానితోపాటు డోలు దెబ్బ కూడా పల్చబడుతుంది. టేపు బుస తగ్గించాలంటే కుడి వైపు మీటలు దించాలి. దానితోపాటు తాళాల గలగల, మాటల్లోని సకారాలు పోతాయి. ఏది తీసినా దాని పక్కన కూర్చున్నది కూడా లేచి వెళ్లిపోతుంది. అందుకని ఎంత తియ్యాలన్నది కాదు, ఎక్కడ ఆగాలన్నదే పని.

బాషా గారికి ఈ గొడవ ఉండేది కాదు. ఆయన పది మీటలనూ ఒకే ఆకారంలో పెట్టేవారు. రెండు చివర్లు పైకి, మధ్యవి కిందికి. నవ్వుతున్న నోటిలాగా ఉండేది. పెళ్లి పాటకైనా, ప్రార్థన పాటకైనా, చావు మేళానికైనా అదే నవ్వు.

"మధ్యలో మనుషులుంటారు కదండీ, వాళ్లని తొక్కేస్తున్నారు" అన్నాను ఒకసారి.

"చూట్టానికి బాగుంది గదమ్మాయ్. కస్టమర్ కళ్లతోనే ఇంటాడు" అన్నారాయన.

ఆ మాటలో నిజం ఉందని ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

అత్తగారు ఏ మీటలో ఉంటుంది

ఒక కొత్త కోడలు చిలకలూరిపేట నుంచి పెళ్లి క్యాసెట్టు పట్టుకొచ్చింది. పెళ్లంతా బాగుంది, ఒక్క గొంతు తీసెయ్యాలి, అంది. ఎవరిదమ్మా అంటే, "మా అత్తదండీ" అంది. క్యాసెట్టు వేసి విన్నాం. నిజమే. మంత్రాల వెనక, మేళం వెనక, అక్షింతలప్పుడు కూడా ఒకే గొంతు. విస్తళ్లు చాలవంటుంది, పెరుగు పుల్లగా ఉందంటుంది.

బాషా గారు చాలా గంభీరంగా అడిగారు. "ఏ మీటలో ఉంటదమ్మాయ్ అత్త?"

నేను జవాబిచ్చేలోగా కోడలే అంది. "అన్నిట్లోనూ ఉంటదండీ. లేని చోటేది?"

శాస్త్రప్రకారం అది సరైన సమాధానం. మనిషి గొంతు ఒక మీటలో ఇమడదు. అత్తగారిని దించితే పురోహితుడూ దిగుతాడు, పెళ్లికూతురి నవ్వూ దిగుతుంది. ఈక్వలైజరుకు వరసలు తెలియవు. ఆ అమ్మాయికి ఇదంతా చెప్పి క్యాసెట్టు తిరిగి ఇచ్చేశాను. "సర్లెండి, ఇంట్లోనూ అంతే గదా" అని వెళ్లిపోయింది. నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఫిల్టరు అంటే ఏమిటో ఒక్కసారికే అర్థం చేసుకున్నది ఆమే.

రాజుగారి క్యాసెట్టు

ఇక అసలు సంగతి. 1986లో, పత్తి తీతలు అయిపోయే రోజుల్లో దేవసహాయం మాస్టారు మెట్లెక్కి వచ్చారు. వెనకే ఆయన భార్య మార్తమ్మ గారు.

మాస్టారు నాదెండ్ల దగ్గర ఒక ఊళ్లో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతారు. మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ల ఊళ్లో పౌరాణిక నాటకం ఆడతారు. ఆయనది రాజు వేషం. గురజాల వైపు ఒక తిరునాళ్లలో ఏటా ఆ వేషం ఆయనదే. ఆ ఏడు మటుకు తిరునాళ్ల స్టేజి కాంట్రాక్టు కోటయ్య అనే కొత్తాయన వేలంలో పాడుకున్నాడు. కోటయ్య నాటకాలు వెళ్లి చూసేవాడు కాదు. పాడిన క్యాసెట్టు పంపండి, విని వేషం ఇస్తాను, అన్నాడు. సత్తెనపల్లి నుంచి ఒక కుర్ర నటుడు అప్పటికే పంపాడు. ఆ తిరునాళ్లలో వేషం పోతే పల్నాడులో మిగతా ఊళ్ల కబుర్లు కూడా ఆగిపోతాయి. "ఆయన్ని తీసేశారంటనే" అన్న ఒక్క మాట చాలు. మాస్టారికి అది తెలుసు. మార్తమ్మ గారికి ఇంకా బాగా తెలుసు.

"అమ్మాయ్, ఇందులో నేను మటుకే ఇనపడాల" అన్నారు మాస్టారు, క్యాసెట్టు బల్ల మీద పెట్టి. "జనరేటరు గోల, జనం గోల, ఏదీ ఉండగూడదు. కొట్లో అమ్మే క్యాసెట్లు చూళ్లా, అట్టా ఉండాల."

"హార్మోనియం ఉండాల్నా, అదీ తీపిస్తావా?" అంది మార్తమ్మ గారు.

"నువ్వు ఊరుకోవే."

క్యాసెట్టు వేశాను. అది వాళ్ల పక్క ఊళ్లో నాటకం జరుగుతుండగా స్టేజి పక్కన టేపు రికార్డరు పెట్టి పట్టింది. అందులో రాజు పాడే పెద్ద పద్యం ఉంది. పద్యం అవగానే జనం మీద పడ్డట్టు అరుపులు, ఈలలు, "వన్స్‌మోర్, వన్స్‌మోర్" అని కేకలు. మాస్టారు మళ్లీ అదే పద్యం అందుకున్నారు. అది అయ్యాక ఇంకా పెద్ద గోల. మూడోసారీ పాడారు.

పద్యనాటకం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, కాని మీలో చాలామంది చూసి ఉండరు. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అంటారు. రాజు చనిపోయే సీనైనా సరే, నటుడు లేచి మళ్లీ పాడి మళ్లీ చనిపోతాడు. ఎన్ని వన్స్‌మోర్లు పడితే అంత గొప్ప.

"మాస్టారూ, పద్యం మూడుసార్లు ఉంది. మధ్యలో అరుపులు తీసేస్తే మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకటి ఉంచి రెండు తీసెయ్యనా?" అని అడిగాను.

"ఏ రెండు తీస్తావ్?"

"మొదటిది బాగుంది. అది ఉంచుతాను."

"మొదటిది జనానికి పాడిందమ్మా. రెండోది నాకోసం పాడుకుంది. మూడోది దేవుడికి. ఇప్పుడు చెప్పు, ఎవుర్ని తీస్తావ్?"

"దేవుణ్ణి తీయబాకమ్మా" అంది మార్తమ్మ గారు. "ఆదివారం సమాధానం చెప్పుకోలేను."

కాబట్టి ముగ్గురూ ఉన్నారు. అరుపులు పోయాయి.

ఆ పని ఎలా చేశానో చెబుతాను, ఎందుకంటే తర్వాత అదే పనికొచ్చింది. జనరేటరు రొద మొండిది. కరెంటు రొద ఒక్క చోటే నిలబడుతుంది. జనరేటరు అలా కాదు, లైట్లన్నీ వేస్తే మూలుగుతూ కిందికి దిగుతుంది, కొన్ని ఆపితే పైకి పోతుంది. ఒక చేత్తో ఎడమ మీటలు ఆ మూలుగు వెంట జరుపుతూ కాపీ చేశాను. అరుపులు పద్యానికీ పద్యానికీ మధ్య ఉన్నాయి కాబట్టి వాటిని రెండో డెక్కు ఆపి, కాస్త ఖాళీ టేపు వదిలి, సమయం చూసి మళ్లీ మొదలుపెట్టి దాటించాను. పద్యం మళ్లీ మొదలయ్యే రెండు చోట్ల మాత్రం పూర్తిగా కుదర్లేదు. అరుపులు ఇంకా సాగుతుండగానే హార్మోనియం ఆయన తర్వాతి పద్యానికి శ్రుతి అందుకున్నాడు. కోస్తే హార్మోనియం కూడా తెగుతుంది. అక్కడ కుడి వైపు మీటలు బాగా దించి, అరుపుల తోకలను హార్మోనియం కింద దాచిపెట్టాను. వినేవాళ్లకు హార్మోనియమే వినిపిస్తుంది.

అరుపులు కోసేసిన చోట నిశ్శబ్దం ఎంత నున్నగా వచ్చిందో చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను. మాస్టారు విని కళ్లు మూసుకున్నారు. "రికార్డులాగుంది" అన్నారు.

ఇక బాషా గారు తన వంతు సాయం చేశారు. కొత్త క్యాసెట్టు ఎందుకు దండగ, కస్టమర్ క్యాసెట్టు కస్టమర్‌కే ఇద్దాం అని, నేను శుభ్రం చేసింది మాస్టారి క్యాసెట్టు మీదనే తిరిగి ఎక్కించారు. అసలుది పోయింది. షాపు కాపీ మీద సాయంత్రానికల్లా సినిమా పాటలు ఎక్కించారు. పొదుపులో ఆయనను మించినవారు లేరు.

మతిమరుపు

పది రోజులకు కోటయ్య షాపుకు వచ్చాడు. తిరునాళ్లకు మైకు సెట్టు మాట్లాడుకోవడానికి. పొడుగాటి మనిషి, భుజం మీద తువ్వాలు, మాటలో సుత్తి దెబ్బ. నేను కింద వైర్లు చుడుతున్నాను.

"మీ పంతులు పనైపోయింది బాషా" అన్నాడు.

"ఏమైందయ్యా?"

"మతిమరుపొచ్చింది. క్యాసెట్టు విన్నా. పద్యం పాడాడు, బాగానే ఉంది. కాసేపాగి మళ్లా అదే పద్యం అందుకున్నాడు. సర్లే, పొరబాటు అనుకున్నా. మళ్లా అదే. ముందుకు పోడే. స్టేజి మీద అట్టా అక్కడక్కడే తిరుగుతా ఉంటే తెల్లారేదాకా రాజ్యం పోదు, నాటకం అవదు."

నేను వైరు వదిలేసి చెప్పాను. "అవి వన్స్‌మోర్లండీ. అరుపులు ఆయన తియ్యమంటే మేమే తీసేశాం."

కోటయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "వన్స్‌మోర్లు కోయించుకునే యాక్టరు ఈ భూమ్మీద ఉన్నాడా అమ్మాయ్? లేని వన్స్‌మోర్లు పడ్డయ్యని చెప్పుకునేటోళ్లని చానామందిని చూశా. పడ్డయ్యి తీసేసుకున్నోణ్ణి చూళ్లా."

న్యాయంగా చెప్పాలంటే నేనూ చూడలేదు.

"ఆ ఊరోళ్లని అడగండి" అన్నాను.

"ఆ ఊరంతా ఆయన దగ్గర ఓనమాలు దిద్దుకున్నోళ్లే. ఆళ్లు లేదంటారా?"

"మాస్టారిని పిలిచి పాడించుకోండి."

"ఒక పద్యం మా బండి తోలేటోడు కూడా పాడతాడు. మతిమరుపు మూడు గంటల నాటకంలో బయటపడద్ది, అప్పుడు రాళ్లు నాకు పడతయ్యి." మాస్టారి క్యాసెట్టు బల్ల మీద పడేసి తువ్వాలు దులుపుకున్నాడు. "శుక్రవారం మళ్లా వస్తా, సెట్టు ఖాయం చేసుకోటానికి. ఈలోగా అసలు క్యాసెట్టు ఉంటే ఇనిపించండి. లేదంటే సత్తెనపల్లి కుర్రాడికి బయానా ఇచ్చేస్తా."

అసలు క్యాసెట్టు. నేను బాషా గారి వైపు చూశాను. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశారు.

అద్దె జనం

బాషా గారు మంచివారు. తప్పు తెలియగానే దిద్దుకునేవారు. ఆ దిద్దుబాటు తప్పుకంటే పెద్దదిగా ఉండేది.

మర్నాడు నేను వెళ్లేసరికి మేడమీద గదిలో పన్నెండు మంది ఉన్నారు. పంక్చర్ల షాపు వాళ్లు, టీ కొట్టు ఆయన, కోర్టు దగ్గర అర్జీలు రాసే ఆయన, ఇంకా ఎవరెవరో. మధ్యలో మైకు. వీళ్లతో వన్స్‌మోర్ అనిపించి, ఆ అరుపులు పద్యాల మధ్య అతికించాలని బాషా గారి ఆలోచన.

మొదటిసారి ఎవరూ అరవలేదు. "పాటేదీ?" అన్నాడు టీ కొట్టు ఆయన. "ఏం ఇనకుండా ఏందని అరిచేది?" రెండోసారి పంక్చర్ల షాపు ఆయన ఒక్కడే అరిచి, మిగతావాళ్లు అరవనందుకు సిగ్గుపడి కూర్చున్నాడు. అర్జీల ఆయన కోర్టు బంట్రోతు కక్షిదారును పిలిచినట్టు మూడుసార్లు సాగదీసి పిలిచాడు. వాళ్ల అరుపుల్లో ఉత్సాహం తప్ప అన్నీ ఉన్నాయి. కోటయ్య మాటలు ముందురోజే తెలిసిన మాస్టారు, మార్తమ్మ గారు ఆ సమయానికే మెట్లెక్కి వచ్చారు. గుమ్మంలో నిలబడి మొత్తం విన్నారు.

మాస్టారు కోప్పడలేదు. రాజు వేషంలో ఆఖరి సీనులో ఎంత మెల్లగా మాట్లాడతారో అంత మెల్లగా అన్నారు. "బాషా, నువ్వు మైకులు అద్దెకియ్యి. వన్స్‌మోర్లు మటుకు అద్దెకియ్యబాక."

"మాస్టారూ, వేషం పోద్ది" అన్నారు బాషా గారు.

"పోతే పోద్ది. నాకు పడ్డయ్యి నాకు తెలుసు. పడనియ్యి అతికించుకుని స్టేజి ఎక్కితే, ఆ రోజు నిజంగా పడ్డా నేను నమ్మలేను గదా."

పన్నెండు మందీ చెప్పులు వేసుకుని దిగిపోయారు. మార్తమ్మ గారు మాత్రం వచ్చి నా పక్కన కూర్చుంది.  నాతో, మాస్టారికి వినపడకుండా అంది. "రాత్రి నుంచి పద్యాలన్నీ వరసగా చెప్పుకుంటన్నాడమ్మా. నిజంగానే మర్చిపోతన్నానేమో చూసుకుంటన్నాడు."

ఆ మాటతో నాకు ఇది వేషం గొడవ మాత్రమే కాదని తెలిసింది. శుక్రవారం లోగా ఏదో ఒకటి తేలకపోతే ఆయన నిజంగానే మర్చిపోవడం మొదలుపెడతారు.

మీటలు తిరగేసి

ఫిల్టరు గురించి కొత్తవాళ్లకు ఉండే పెద్ద భ్రమ ఏమిటంటే అది శబ్దాన్ని తీసేస్తుందని. తీసెయ్యదు. తొక్కిపెడుతుంది. కోసేసింది పోతుంది, కాని తొక్కిపెట్టింది ఉంటుంది. హార్మోనియం కింద నేను దాచిన అరుపుల తోకలు ఆ క్యాసెట్టులో ఇంకా ఉన్నాయి. ఆ రోజు నేను చేసిన పనిని తిరగేస్తే అవి పైకి రావాలి.

గురువారం మధ్యాహ్నం మొదటి తోక దగ్గర ప్రయత్నించాను. హార్మోనియం బలం ఎక్కువగా ఉన్న మీటలు దించాను, రెండు వేలు, నాలుగు వేలు ఉన్నవి పైదాకా లేపాను. బాషా గారి నవ్వు ఆకారం తలకిందులైంది. టేపు బుస వర్షంలాగా వచ్చింది, కాపీకి కాపీ కదా. ఆ వర్షంలోంచి సన్నగా ఒక ఈల. ఈల ఒకే చోట నిలబడే శబ్దం, రెండు వేల దగ్గర సూదిలాగా ఉంటుంది, అందుకే అది ముందు దొరికింది. రెండో తోక దగ్గరకు వెళ్లబోతుంటే కరెంటు పోయింది. ఆ రోజు మళ్లీ రాలేదు.

శుక్రవారం కోటయ్య వచ్చాడు. మాస్టారు, మార్తమ్మ గారు కూడా వచ్చారు. గదిలో అయిదుగురం, రెండు కుర్చీలు. మాస్టారు కూర్చోలేదు.

ముందు ఏం చేయబోతున్నానో కోటయ్యకు చెప్పాను. ఇందులో కొత్తగా ఏదీ కలపలేదు, ఉన్నదాన్నే పైకి తీస్తున్నాను, మీటలు మీరే జరిపి చూడొచ్చు అన్నాను. ఆయన చేతులు కట్టుకున్నాడు.

మొదటి పద్యం అయింది. తోక దగ్గర మీటలు లేపాను. వర్షం, ఈల, ఆ ఈల వెనక ఏదో గోల.

"ఈలే గదా" అన్నాడు కోటయ్య. "దిగిపొమ్మని కూడా ఈలేస్తారు. నేనే వేశా చానాసార్లు."

మాస్టారు కిటికీ వైపు తిరిగారు. బాషా గారు ఏదో అనబోతే ఆగమన్నాను. రెండో పద్యం నడిచింది. అది మాస్టారు తనకోసం పాడుకున్నది. అయిపోయింది. కోసిన నిశ్శబ్దం. హార్మోనియం అందుకుంది. మీటలు లేపాను.

హార్మోనియం పక్కనుంచి, మైకుకు జానెడు దూరంలో ఉన్నట్టు, ఒక ఆడ గొంతు పైకి తేలింది. "మళ్లానా? వొద్దు. వాళ్లకేం పోయింది, అరుస్తానే ఉంటారు. రెండైనయ్యి గదా. గొంతు పోతే రేపు కషాయం కాచేది నేను."

ఆపైన మాస్టారు మూడోసారి పద్యం ఎత్తుకున్నారు.

 నేను టేపు ఆపాను.

"నా గొంతు కాదది" అంది మార్తమ్మ గారు.

"మీది కాదా అమ్మా?" అన్నాడు కోటయ్య.

"నేనట్టా మాట్టాడను."

"అట్టా గాక ఇంకెట్టా మాట్టాడతావే?" అన్నారు మాస్టారు కిటికీ దగ్గర్నుంచి. వారం రోజుల్లో ఆయన గొంతులో రాజు వినిపించడం అదే మొదలు.

కోటయ్య ఇంకోసారి వెయ్యమన్నాడు. వేశాను. ఈసారి ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని విన్నాడు. నవ్వు ఆగాక బాషా గారితో అన్నాడు. "వన్స్‌మోర్లు పుట్టించొచ్చు బాషా. ఈ మాట ఎవడూ పుట్టించలేడు. మా ఇంట్లోనూ ఇదే మాట, ఇదే గొంతు." జేబులోంచి బయానా తీసి మాస్టారి చేతిలో పెట్టబోయాడు.

మాస్టారు చెయ్యి చాపలేదు. "ఆమెకియ్యి. సాక్షి ఆమె" అన్నారు.

మార్తమ్మ గారు తీసుకుని కొంగున ముడేసుకుంది. గొంతు తనది కాదని ఆ తర్వాత కూడా అంటూనే ఉంది.

చిలకలూరిపేట కోడలికి నేను పెద్దదాన్నిలాగా చెప్పిన పాఠం నాకే తిరిగొచ్చింది. ఈక్వలైజరుకు వరసలు తెలియవు. తెలిసి ఉంటే ఈ గొంతును ముందే తీసేసి ఉండేది. ఏది గోల, ఏది అక్కరకొచ్చే మాట అనేది రికార్డు చేసిన రోజున ఎవరికీ తెలియదు. అందుకని మీకు ఒక్క నియమం. అసలుదాన్ని ముట్టుకోకండి. ఎంత చెత్తగా ఉన్నా అలాగే ఉంచండి. ఆ శుక్రవారం నుంచి నేను క్యాసెట్టు చేతికి రాగానే దాని పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేసేదాన్ని. అవి లేకపోతే దాని మీద మళ్లీ రికార్డు పడదు. బాషా గారు ఆ గుంటల్లో కాగితం ఉండలు కుక్కి రికార్డు చేసేవారు. నేను ఉండలు పీకేసేదాన్ని. నేను మానేసే రోజు దాకా ఈ యుద్ధం సాగింది. ఎవరు గెలిచారో ఇద్దరం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

తిరునాళ్ల

తిరునాళ్లకు మైకు సెట్టు మాదే. రికార్డు చెయ్యడానికి నేనూ వెళ్లాను. జనరేటరును దూరంగా పెట్టించమంటే బాషా గారు దాన్ని నా వెనకే పెట్టించారు, వైరు కలిసొస్తుందని.

కోటయ్య ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. మార్తమ్మ గారు హార్మోనియం పక్కన, చేతిలో కషాయం గ్లాసుతో. మాస్టారు కిరీటం పెట్టుకుని వచ్చారు. పెద్ద పద్యం వచ్చింది. దాన్ని ఎక్కడ తీసుకున్నారో, ఎక్కడ దించారో, మూడు గంటల నాటకంలో ఒక్క మాట కూడా తడబడకుండా ఎలా నడిచారో చెప్పడం నా పని కాదు. పద్యం అవగానే జనం లేచారు. వన్స్‌మోర్, వన్స్‌మోర్.

మాస్టారు పాడలేదు. జనం వైపు చూడనే లేదు. స్టేజి అంచుకు వచ్చి కోటయ్య వైపు చూస్తూ చెవి దగ్గర చెయ్యి పెట్టారు, వినపడలేదన్నట్టు.

కోటయ్య అటూ ఇటూ చూశాడు. పక్కవాళ్లు ఆయన్నే చూస్తున్నారు. కూర్చునే "వన్స్‌మోర్" అన్నాడు. మాస్టారు చెయ్యి తియ్యలేదు. కోటయ్య లేచి నిలబడి అన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపి, చెవి ఇంకాస్త ముందుకు వంచారు. జనానికి ఏం జరుగుతోందో తెలియకపోయినా నవ్వుతున్నారు. మూడోసారి కోటయ్య తువ్వాలు గాల్లో తిప్పుతూ గొంతు చించుకుని అరిచాడు.

అప్పుడు హార్మోనియం పక్కనుంచి మార్తమ్మ గారు అంది. "ఇంక చాల్లే, పాడు. మూడైనయ్యి."

ఆ క్యాసెట్టు నా దగ్గరుంది. జనరేటరు మూలుగు యాభై దగ్గర మొదలై దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. కుర్చీల చప్పుడుంది, ఈలలున్నాయి, ఎవరో పిల్లవాడి ఏడుపుంది. కంప్యూటరు పని తెలిసినవాళ్లు ఇంటికి వచ్చినప్పుడల్లా దాన్ని శుభ్రం చేసి ఇస్తామంటారు. పది నిమిషాల పనట. మూడోసారికి కోటయ్య గొంతు బొంగురుపోయింది. అది రెండు వేల మీట దగ్గర దొరుకుతుంది. దాని జోలికి ఎవరూ వెళ్లకండి.